అప్‌డేట్: అమ్మతో మాచుపిచ్చు వెళ్లొచ్చామండీ

బీపీ ఉన్న మా అమ్మని అమలాపురం నుంచి పెరూలో కొండ మీదున్న పాతకాలపు నగరం మాచుపిచ్చుకి తీసుకెళ్లొచ్చా, అంత ఎత్తు పడుతుందా అని అడిగింది నేనేనండీ. క్షేమంగా వెళ్లొచ్చాం. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

బాగా పనికొచ్చింది "మొదట కుస్కోలో పడుకోవద్దు, దిగగానే లోయలోకి పొండి" అన్న మాట. నేనేమో మాచుపిచ్చే ఎత్తని కంగారుపడ్డాను. అది 2,430 మీటర్లే. విమానం దిగే కుస్కో దాదాపు 3,400! సముద్రం పక్కనుండే మన కోనసీమవాళ్లకి దెబ్బ అక్కడే. కారులో తిన్నగా ఆ లోయలోని ఒయంటాయ్‌టాంబో అనే ఊరికి వెళ్లి రెండు రాత్రులున్నాం, రైలూ అక్కణ్ణించే ఎక్కాం. కుస్కో ఆఖర్న చూశాం. అమ్మకి మొదటిరోజు సాయంత్రం కాస్త తలనొప్పి, అంతే.

బయల్దేరేముందు చూసిన డాక్టరుగారు బీపీ అదుపులోనే ఉందన్నారు. సల్ఫా మందులు పడతాయా అని అడిగి ఎత్తు పడేందుకు వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు రాశారు. వేళ్లు తిమ్మిరెక్కాయి, ఆ మాత్రకది మామూలేనట. ఆక్సిజన్ డబ్బా మూతే తియ్యలేదు. కర్పూరం మూట కొంగున అలాగే ఉండిపోయింది.

అసలు తిప్పలు మాచుపిచ్చు లోపలికెళ్లే టికెట్‌తో. ఏ గంటకి, ఏ దారిలో తిరుగుతామో ముందే ఎంచుకోవాలి, పాస్‌పోర్టు దగ్గరుండాలి. దారిలో వెనక్కి నడవనివ్వరు.

కొండ మీద మెట్ల చేలు చూసి అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "కాలవ ఎక్కడరా?"