రోమ్ రాకముందు గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం), జర్మన్ తెగలకు నాగరికత లేదా?

మొదటి పోస్ట్:
రోడ్లు, ఊళ్లు, చదువు అన్నీ రోమన్లే ఇచ్చారని చదువుకున్నాం. గెలిచినవాళ్లు నేర్పారు, ఓడినవాళ్లు నేర్చుకున్నారు. ఇందులో వాదించడానికి ఏముంది?

జవాబు:
చాలా ఉందండీ. అవారికం అనే ఊరి కోటగోడను గాల్ వాళ్లు దుంగలు, రాళ్లు కలిపి ఎంత గట్టిగా కట్టారో దాన్ని ముట్టడించిన రోమన్ సేనాని సీజరే మెచ్చుకుంటూ రాశాడు, అంటే ఆయన వెళ్లేసరికే అక్కడ ఊళ్లూ గోడలూ ఉన్నాయి. గాల్‌లో సీజర్ చేసిన ఆ యుద్ధాల్లో పది లక్షల మంది చచ్చారని, ఇంకో పది లక్షల మంది బందీలయ్యారని ప్రాచీన చరిత్రకారుడు ప్లూటార్క్ లెక్క. పెంచి రాశాడనుకుని సగం తీసేసినా గుండె తరుక్కుపోతుంది. బ్రిటన్‌లో ఐసెని అనే తెగ రాజు తన కూతుళ్లతో పాటు నీరో చక్రవర్తిని కూడా వారసుడిగా వీలునామాలో రాశాడు, కనీసం ఇల్లయినా నిలుస్తుందని. ఆ రాజు పోయాక రోమన్లు అంతా లాక్కుని, ఆయన భార్య బుడికాను కొరడాలతో కొట్టి, కూతుళ్లను చెరిచారు. క్రీ.శ. 60-61లో ఆమె వెంట జనం లేచి లండన్‌తో సహా మూడు ఊళ్లు తగలబెట్టారంటే ఊరికే కాదు.

ఇక నేర్చుకున్నది ఒక్కవైపేనా? గాల్ వాళ్ల బండి పేరు లాటిన్‌లో 'కర్రుస్' అయింది, మనం ఎక్కే 'కారు' దాన్నుంచి వచ్చిందే. మన 'సబ్బు' కూడా తిరిగి తిరిగి లాటిన్ 'సాపో' దగ్గరికే చేరుతుంది, అది గాల్ వాళ్లు కనిపెట్టిందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

ఇంకొకరు:
కానీ గాల్ వాళ్ల భాష చచ్చిపోయింది కదా. పెద్దింటివాళ్లు లాటిన్ నేర్చుకుని, క్రీ.శ. 48లో క్లాడియస్ చక్రవర్తి మాట సాయంతో రోమ్ పెద్దల సభ సెనేట్‌లో కూర్చున్నారు. ఇష్టపడే మారారు.

మళ్లీ జవాబు:
పెద్దింటివాళ్ల సంగతి ఒప్పుకుంటాను. కానీ దక్షిణ గాల్‌లో లా గ్రోఫెసెంక్ అనే ఊరి కుమ్మరుల్ని చూడండి. రోమన్ పద్ధతిలో ఎర్రటి పళ్లాలు చేసి దూరదేశాలకు పంపేవాళ్లు, ఏ బట్టీలో ఎన్ని పెట్టారో మాత్రం లాటిన్ అక్షరాలతో, గాలిష్ (గాల్ వాళ్ల భాష) మాటలు కలిపి పళ్లెం మీదే గీసుకునేవాళ్లు. సీజర్ పోయి వందేళ్లయినా అంతే. ఇష్టంగా మారినవాళ్లంటారా, జర్మన్ తెగ నాయకుడు అర్మీనియస్ రోమన్ పౌరుడు, వాళ్ల సైన్యంలోనే యుద్ధం నేర్చాడు, క్రీ.శ. 9లో రోమన్ సేనాని వరుస్ మూడు దళాలనూ తుడిచిపెట్టింది ఆయనే. బటావియన్లు అనే ఇంకో జర్మన్ తెగవాళ్లు రోమ్‌కు పన్ను కట్టకుండా మనుషుల్నే సైన్యానికి ఇచ్చేవాళ్లు. రోమన్లు వాళ్ల పిల్లల్ని బలవంతంగా పట్టుకెళ్లడం మొదలయ్యాక, ఎన్నో ఏళ్లు రోమ్ కోసం పోరాడిన వాళ్ల నాయకుడు సివిలిస్ 69లో తిరగబడ్డాడు.