టెర్రియర్ పనికి ఏ పార కొనాలి? వంద డాలర్ల స్టీల్ స్పేడా, చవక షవల్ చాలా?

ఎర్రమట్టి_22:
అందరికీ నమస్తే. మేం ఉండేది వర్జీనియాలో, నా దగ్గర మూడేళ్ల జాక్ రస్సెల్ టెర్రియర్ కుక్క ఉంది. పక్క ఫార్మ్ ఆయన గుర్రాల మేత పొలంలో గ్రౌండ్‌హాగ్‌లు ఎక్కడపడితే అక్కడ బొరియలు పెట్టేశాయి, గుర్రం కాలు అందులో పడితే ఇక ఆ గుర్రం పని అంతే కదా, అందుకని ఆయనే పిలిచి కుక్కని దింపమన్నాడు. తెలియనివాళ్ళకి చెప్తున్నా, గ్రౌండ్‌హాగ్ అంటే చూడ్డానికి మన పందికొక్కులా ఉంటుంది గానీ నాలుగైదు కిలోలు తూగుతుంది. కుక్క బొరియలోకి దూరి దాన్ని ఒక మూలకి నెట్టి మొరుగుతూ నిలబడుతుంది, మనం పైనుంచి తవ్వి అక్కడికి చేరాలి. ఇన్నాళ్ళూ సీనియర్ల వెనక తిరుగుతూ వాళ్ళ పనిముట్లే వాడాను, ఇప్పుడు సొంతంది కొనాలి. షాపులో 30 డాలర్లకి ఫైబర్‌గ్లాస్ పిడి షవల్ ఉంది, కింగ్ ఆఫ్ స్పేడ్స్ లాంటి బ్రాండ్‌లో పిడితో సహా ఫుల్ స్టీల్‌ది చూస్తే వంద దాటుతోంది. మట్టి తవ్వడానికి అంత పెట్టాలా? నిజంగా తేడా ఉంటుందా?

పలుగూపారా:
తమ్ముడూ, మాది తెనాలి వైపు. మా చేల గట్ల మీద ఎలుక కలుగులు తవ్వేవాళ్ళు ఒక గునపం, ఒక పార పట్టుకొస్తారు, అంతే. గట్టి నేలని గునపంతో పొడిచి వదులు చేసి పారతో లాగేస్తే ఎంత లోతైనా దిగొచ్చు. మన పార ఇప్పుడు అమెరికాలో కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతోందని మావాడు చెప్పాడు, అది తెప్పించుకో. వంద డాలర్లు శుద్ధ దండగ.

పాతకాపు:
అన్నా, మా నాన్న చేతిలో పార చూస్తూ పెరిగినవాణ్ణే, దాని మీద నాకూ గౌరవం ఉంది. కానీ మన పార లాగే పనిముట్టు, ఎత్తి కొట్టి మన వైపుకి లాక్కోవాలి, దానికి ముందూ వెనకా చోటు కావాలి. గట్టుని పక్కనుంచి తవ్వేటప్పుడు దాన్ని మించింది లేదు. ఇక్కడ రెండున్నర అడుగుల వెడల్పు గుంటలో నిలబడి నిలువుగా మూడు నాలుగు అడుగులు దిగాలి, పార ఎత్తితే మోచెయ్యి గోడకి తగులుతుంది. పైగా కింద కుక్క ఉంది, ఎత్తి కొట్టేది ఏదీ దాని తల దరిదాపుల్లోకి రానివ్వకూడదు. స్పేడ్ అయితే కాలితో తొక్కి ఎంత కావాలో అంతే దింపుతాం. మీరు చెప్పిన గునపం మాత్రం ఖచ్చితంగా కావాలి, ఇక్కడ డిగ్గింగ్ బార్ అంటారు.

ఎర్రమట్టి గారూ, 30 డాలర్ల సంగతి నేను అనుభవించి చెప్తున్నాను. పోయిన అక్టోబర్‌లో కంచె వారగా ఒక బొరియ, కుక్క మెడలో సిగ్నల్ పంపే లొకేటర్ కాలర్ ఉంది, పైన నా చేతిలో లోతు చూపించే దాని బాక్స్ నాలుగడుగులు చూపిస్తోంది. మూడడుగులు దిగాక అడ్డంగా వేరు తగిలింది, దాన్ని లేపుదామని బ్లేడ్ కింద దూర్చి పిడి మీద బరువేశాను, పిడి బ్లేడ్‌లో దూరే సాకెట్ దగ్గర ఫైబర్‌గ్లాస్ టప్పుమని విరిగింది. నారలు నారలుగా చీలి అరచేతిలో దిగబడింది. అప్పటిదాకా దిండు కింద నుంచి వచ్చినట్టు వినపడుతున్న మొరుగు కాసేపటికి ఆగిపోయింది. విరిగిన బ్లేడ్‌ని రెండు చేతులతో పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని గీకాను, మిగిలిన ఆ ఒక్క అడుక్కి 40 నిమిషాలు పట్టింది. కుక్క వెనక మట్టి కూలి దారి మూసుకుపోయి ఉంది. బయటికి తీసేసరికి కళ్ళ నిండా, నాలుక నిండా మట్టే. సెలైన్‌తో కళ్ళు కడుగుతుంటే నా చేతులు ఆగలేదు. అందుకే చెప్తున్నా, పార ధర డాలర్లలో లెక్కేయకండి, కుక్క మట్టి కింద ఉండే నిమిషాల్లో లెక్కేయండి.

కొనేముందు దాన్ని తిరగేసి చూడండి. సాకెట్ కింద బ్లేడ్ వెనక గుంటలా తెరిచి ఉంటే అది ఓపెన్ బ్యాక్, మన ఎర్రమట్టి అందులో ముద్దలా ఇరుక్కుని బరువు పెరుగుతుంది, బలం కూడా తక్కువ. వెనక మూసేసినదో, ఒకే ముక్కగా సాగగొట్టినదో తీసుకోండి. రేకు మందం గేజ్‌లో రాస్తారు, అంకె తగ్గేకొద్దీ మందం ఎక్కువ, 16 అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు, 14 అంటే దాదాపు రెండు. ఆకారం మాత్రం ఆకులాంటి రౌండ్ పాయింట్ వద్దు, కాలవలు తవ్వే సన్నటి డ్రెయిన్ స్పేడ్ కావాలి, ఐదారు అంగుళాల వెడల్పు, 14 నుంచి 16 అంగుళాల పొడుగు. వేళ్ళ మధ్య దూరుతుంది, గుంట గోడలు నిటారుగా వస్తాయి.

పెన్సిల్వేనియా_తెలుగు:
పాతకాపు గారూ, మీ కుక్క బాగున్నందుకు సంతోషం, కానీ ఆ పిడి విరిగింది చవకది కాబట్టి కాదండీ, మీరు దాన్ని గునపంలా వాడారు కాబట్టి. వేరుని లేపడానికి బార్ ఉంది, కోయడానికి మడతరంపం ఉంది. ఇక ఫుల్ స్టీల్‌ది మా రాళ్ళ నేలలో వాడి చూడండి, రాయి తగిలిన ప్రతిసారీ మోచేతుల దాకా జిల్లుమంటుంది, జనవరిలో పట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. పైగా లొకేటర్, బార్, నీళ్ళు, కుక్కల బాక్స్ అన్నీ మోసుకుంటూ పొలాలకి అడ్డం పడి నడవాలి, ఆ బరువు అదనం. నా ఓటు ఫోర్జ్డ్ బ్లేడ్, అంటే కాల్చి సాగగొట్టింది, దానికి యాష్ చెట్టు కర్ర పిడి. ఇంగ్లండ్‌లో విగన్ ఊరి బుల్‌డాగ్ స్పేడ్‌లు అలాంటివే. పిడి విరిగినా కొత్తది వేసుకోవచ్చు, నేను ఒకే బ్లేడ్‌కి రెండుసార్లు మార్చాను.

పాతకాపు:
నిజమే, నేను పిడి మీద బరువేసి వేరుని లేపబోవడం తప్పే, ఒప్పుకుంటున్నా. కానీ కింద కుక్క గొంతు సన్నగిల్లుతుంటే బార్ తెచ్చుకుందామని గుంట ఎక్కేవాళ్ళు ఎంతమంది? ఆ కంగారులో చేతిలో ఏది ఉంటే దాంతోనే లాగుతాం. ఆ తప్పుని కూడా తట్టుకునే పనిముట్టు కావాలంటున్నాను.

యాష్ పిడికి నేను వ్యతిరేకం కాదు. కాకపోతే 2002లో మిషిగన్‌లో బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు ఇక్కడి యాష్ చెట్లని కోట్లలో చంపేసింది, కాబట్టి పిడి కొనేటప్పుడు ఈనెలు నిలువునా తిన్నగా ఉన్నాయో లేదో చూసుకోండి, హికరీ అనే గట్టి కర్ర దొరికితే అదీ మంచిదే. సీజన్‌కి ఒకసారి అవిసె నూనె పట్టించండి, ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి గరాజ్‌లో పడేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి, నీళ్ళలో ముంచి బయట పరిచి ఆరబెట్టండి. ఫైబర్‌గ్లాస్ ఓపెన్ బ్యాక్ దగ్గర మాత్రం నేను దిగను.

పలుగూపారా:
కుక్క సంగతి చదివాక నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మన దేశంలో ఉన్న కుర్రాళ్ళకి ఒక మాట, ఇది చూసి ఇక్కడ నక్క బొరియల్లోకి కుక్కల్ని తోలకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది.

ఎర్రమట్టి_22:
సన్నబ్లేడ్, మూసిన వెనక, యాష్ కర్ర, ఇది ఫిక్స్. పిడి పొడుగుదా, డి ఆకారం పొట్టిదా?

పాతకాపు:
పొట్టిదే కొనండి. మొదటి రెండడుగులకి గరాజ్‌లో ఉన్న పొడుగు పిడి ఏదైనా చాలు, నడుము పట్టదు. గుంటలోకి దిగాక పొడుగు పిడి గోడలకి తగిలి తిరగదు. కొత్తది రాగానే అంచుకి ఆకురాయి పెట్టండి, షాపు నుంచి వచ్చేది మొండిగా ఉంటుంది. బ్లేడ్ కొస నుంచి కొలిచి రెండడుగుల దగ్గర ఒకటి, మూడడుగుల దగ్గర ఒకటి పిడికి ఎర్ర టేప్ చుట్టండి. లొకేటర్ బాక్స్ నాలుగడుగులు చూపిస్తే మూడో అడుగు టేప్ నేల మట్టానికి రాగానే స్పేడ్ గుంట బయట పెట్టేయాలి. అక్కణ్ణుంచి తోట తాపీ, మన చేతులు.