ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు: ఒకదానిలోని ఫైళ్లు రెండోదాని నుంచి బయటపడతాయా?

కృష్ణాతీరం (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే పని చేస్తుంటాను. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ ఒక్కటే. అందులోని విండోస్‌ను మా అబ్బాయి చదువుకూ ఆటలకూ వాడుకుంటాడు. నిరుడు అదే డిస్కులో కొంత చోటు వేరుచేసి నా పని కోసం ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టం వేయించుకున్నాను. క్లయింట్ల పాన్, ఆధార్ ప్రతులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఫారం 16లు అన్నీ అందులోనే ఉంటాయి. దాని పాస్‌వర్డు నాకు తప్ప ఎవరికీ తెలియదు, పైగా విండోస్‌లో చూస్తే ఉబుంటు డ్రైవు కనిపించనే కనిపించదు కాబట్టి ఇన్నాళ్లూ నిశ్చింతగా ఉన్నాను. అయితే మొన్న ఉబుంటులో ఉండగా పక్కన కనబడిన ఒక డ్రైవు మీద నొక్కితే, విండోస్ పాస్‌వర్డు అడగకుండానే మా అబ్బాయి ఫోటోలు, డౌన్‌లోడ్లు అన్నీ తెరుచుకున్నాయి. ఇటు నుంచి అటు ఇంత తేలిగ్గా వెళ్లగలిగితే, అటు నుంచి ఇటు రావడానికి అడ్డేమిటి? వాడు ఆటల కోసం ఎక్కడెక్కడి నుంచో దించుకునే ప్రోగ్రాములు నా క్లయింట్ల కాగితాల దాకా రాగలవా?

డెల్టావాసి:

రాగలవు. ఏ ఫైలును ఎవరు చదవవచ్చన్న అనుమతి డిస్కు మీదే రాసి ఉంటుంది గాని, దాన్ని అమలు చేసేది ఆ సమయానికి నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టం మాత్రమే. ఉబుంటు నడిచేటప్పుడు విండోస్ రాసిపెట్టుకున్న అనుమతులను అడిగే నాథుడు లేడు. విండోస్ నడిచేటప్పుడు మీ ఉబుంటు పాస్‌వర్డు గతీ అంతే. విండోస్‌లో ఆ డ్రైవు కనిపించకపోవడానికి కారణం, డిస్కు మీద ఫైళ్లను అమర్చడానికి ఉబుంటు వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిని చదివే ఏర్పాటు విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో లేకపోవడమే. దాన్ని చదివిపెట్టే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. అవి కూడా అక్కరలేదు. ఆట ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అనుమతి అడిగే పెట్టెలో మీ అబ్బాయి 'అవును' అని నొక్కితే, ఆ ప్రోగ్రాముకు నిర్వాహకుని అధికారం వస్తుంది, దానితో అది డిస్కు మొత్తాన్ని మొదటి బైటు నుంచి చివరి దాకా చదువుకోగలదు.

దీనికి మందు ఎన్‌క్రిప్షన్ ఒక్కటే, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో ఫైళ్లను దాచడం. ఉబుంటును ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లక్స్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకుంటే, విండోస్ నడుస్తున్నంతసేపూ మీ భాగం అర్థంలేని బైట్ల కుప్పగానే ఉంటుంది. ఇప్పటికే వేసుకున్న ఉబుంటుకు దీన్ని తర్వాత తగిలించడం చాలా చిక్కు పని కాబట్టి, ఫైళ్లను బయటి డిస్కుకు ఎత్తిపెట్టుకుని మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవడం మేలు. మీ అబ్బాయి వైపు బిట్‌లాకర్ (విండోస్ సొంత ఎన్‌క్రిప్షన్) ఉందో లేదో కూడా చూడండి. ఉంటే, దేన్నీ కదిలించకముందే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి దాచండి, ఎందుకంటే బూట్ అమరికలు మారినప్పుడు అది ఆ కీని అడుగుతుంది. ఇంకొక మాట: ఎన్‌క్రిప్షన్ చదవడాన్ని ఆపుతుంది గాని చెరిపివేయడాన్ని ఆపలేదు. విండోస్‌లోకి వచ్చిన వైరస్ మీ భాగాన్ని తుడిచిపెట్టగలదు, కనుక బ్యాకప్ తప్పనిసరి.

గౌతమి:

డెల్టావాసి గారు చెప్పినదంతా చేసిన తర్వాత కూడా నేను దెబ్బతిన్నాను. మా ప్రింటరు విండోస్‌లోనే సరిగా పనిచేసేది. అందుకని రెండు సిస్టంలకూ అందుబాటులో ఒక ఉమ్మడి డ్రైవు పెట్టుకుని, ప్రింటు తీయవలసిన కాగితాలను అందులో వేసేదాన్ని, తీసేయడం మరిచిపోయేదాన్ని. ఆరు నెలల తర్వాత చూసుకుంటే విండోస్‌లోని క్లౌడ్ బ్యాకప్ ప్రోగ్రాము ఆ ఫోల్డరు మొత్తాన్నీ నెట్‌లోకి ఎక్కించి ఉంది. మా బంధువుల వైద్య పరీక్షల ఫలితాలు అందులో ఉన్నాయి. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. కృష్ణాతీరం గారూ, దయచేసి ఉమ్మడి డ్రైవు పెట్టుకోకండి.

హైబర్నేట్ సంగతి కూడా చూసుకోవాలి. యంత్రాన్ని హైబర్నేట్ చేసినప్పుడు మెమరీలో ఉన్నదంతా డిస్కు మీదికి చేరుతుంది. ఉబుంటులో మెమరీని డిస్కు మీద దాచే స్వాప్ భాగం ఎన్‌క్రిప్షన్ బయట ఉంటే, తెరిచి ఉన్న పత్రాలతో పాటు లక్స్ తాళంచెవి కూడా అక్కడ పడి ఉండవచ్చు. విండోస్‌లోనైతే ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయండి. అది ఉండగా విండోస్ పూర్తిగా ఆగదు, ఆ స్థితిలో ఉబుంటు నుంచి విండోస్ డ్రైవులో ఏమైనా రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు.

మెట్టభూమి:

అందరూ వదిలేసే భాగం ఒకటి ఉంది. యంత్రం లేవగానే చదివే ఈఎఫ్‌ఐ విభజనను రెండు సిస్టంలూ పంచుకుంటాయి, అది ఎన్‌క్రిప్ట్ కాదు. ఉబుంటు కెర్నెల్ (దాని మూల ప్రోగ్రాము) ఉండే బూట్ భాగం కూడా మామూలుగా ఎన్‌క్రిప్షన్ బయటే ఉంటుంది. విండోస్‌లో నిర్వాహకుని అధికారం దక్కించుకున్న ప్రోగ్రాము అక్కడ మార్పు చేస్తే, మరుసటి రోజు మీరు లక్స్ పాస్‌వర్డు కొట్టేటప్పుడు దాన్ని పట్టుకోగలదు. యంత్రం లేచేటప్పుడు గుర్తింపు సంతకం లేని ప్రోగ్రాములను ఆపే సెక్యూర్ బూట్‌ను ఆన్‌లోనే ఉంచండి గాని దానిమీదే భారం వేయకండి. 2023లో బయటపడిన బ్లాక్‌లోటస్ అనే హానికర ప్రోగ్రాము దాన్ని కూడా దాటింది. భద్రతే ప్రధానంగా తయారైన క్యూబ్స్ ఓఎస్ వారు డ్యూయల్ బూట్ (ఇలా ఒకే యంత్రంలో రెండు సిస్టంలు పెట్టుకోవడం) వద్దని చెప్పడానికి కారణం ఇదే. పక్కవారి కాగితాలు మీ చేతిలో ఉన్నాయి కాబట్టి నా సలహా సూటిగా చెబుతాను: యూఎస్‌బీకి తగిలించుకునే ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని, ఉబుంటును ఎన్‌క్రిప్ట్ చేసి అందులోనే వేసుకోండి, దాని ఈఎఫ్‌ఐ విభజన కూడా అందులోనే ఉండాలి. పని అయ్యాక దాన్ని పీకి బీరువాలో పెట్టండి. మీ అబ్బాయి విండోస్ తెరిచేసరికి ఆ డిస్కు యంత్రంలో ఉండకూడదు.

కృష్ణాతీరం:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఎస్‌ఎస్‌డీ కొనేదాకా, విండోస్‌లోనే వర్చువల్‌బాక్స్ పెట్టుకుని అందులో ఉబుంటు నడిపితే సరిపోతుందా?

మెట్టభూమి:

సరిపోదు. అప్పుడు మీరు నొక్కే ప్రతి అక్షరమూ, తెర మీద కనిపించే ప్రతి కాగితమూ విండోస్ గుండానే వెళుతుంది, అంటే మీ కాగితాలకు ఇప్పటికన్నా ముప్పు ఎక్కువ. ఈలోగా క్లయింట్ల ఫోల్డర్లను ఎన్‌క్రిప్ట్ చేసిన పెన్‌డ్రైవులోకి మార్చి, దాన్ని ఉబుంటులో ఉన్నప్పుడు మాత్రమే తగిలించండి. ఉబుంటులో మిగిలిపోయిన పాత ప్రతులను తీసేయండి. వాటి చిన్న బొమ్మలు హోం ఫోల్డరులోని క్యాష్‌లో ఉంటాయి, వాటినీ తీసేయండి. ఎస్‌ఎస్‌డీ వచ్చాక పాత ఉబుంటు భాగాన్ని పూర్తిగా చెరిపి మీ అబ్బాయికి ఇచ్చేయండి.