ఈస్టర్ తరువాతి యాభై రోజులు కన్యస్త్రీల మఠంలో ఎలా గడుస్తాయి?

ప్రశ్న: గుంటూరు ఆడపడుచు

అందరికీ వందనాలు. మాది గుంటూరు జిల్లాలోని ఒక పల్లె విచారణ, అంటే ఒక గురువు చూసుకునే గుడి సంఘం. ఉద్యోగరీత్యా ఇప్పుడు ఇంగ్లండులో ఉంటున్నాను. మా ఊళ్లో మ్రానికొమ్మల ఆదివారం మొదలు పవిత్ర వారమంతా గుడి కిటకిటలాడుతుంది. శుక్రవారం సిలువమార్గానికి పొరుగూళ్ల నుండి కూడా జనం నడిచి వస్తారు. శనివారం రాత్రి పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి ప్రార్థన) ముగిశాక, ఆదివారం కొత్త బట్టలు, ఇంటినిండా బంధువులు, మాంసం కూర. సోమవారం తెల్లవారేసరికి ఎవరి పొలం పనులు వారివి. నలభై రోజులు తపస్సు కాలం పాటించి ఎదురుచూసిన పండుగ ఒక్క పూటలో చేజారిపోయినట్టు నాకు చిన్నప్పటి నుండీ వెలితిగా ఉండేది.

2026లో ఈస్టర్ ఏప్రిల్ 5న వస్తోంది. ఆ వారమంతా సెలవు పెట్టి, ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలోని రైడ్ పట్టణంలో ఉన్న పునీత సిసీలియా మఠానికి దగ్గరలో బస చేసి, అక్కడి కన్యస్త్రీల ప్రార్థనల్లో పాల్గొనాలని అనుకుంటున్నాను. వారు బయటకు రాని మఠవాసినులు, ప్రార్థనలన్నీ లాటిన్‌లో పాడతారు. ఆదివారం దాటిన తరువాత వారు ఏం చేస్తారు? పండుగ నిజంగా కొనసాగుతుందా, లేక వారికీ సోమవారం మామూలు రోజేనా? లాటిన్ రాని నాకు అక్కడ ఏమైనా అర్థమవుతుందా?

జవాబు: పాత ఉపదేశి

అమ్మా, మీ వెలితికి జవాబు మఠాల్లోనే దొరుకుతుంది. కతోలిక శ్రీసభ లెక్క ప్రకారం ఈస్టర్ కాలం యాభై రోజులు. మీరు చెప్పిన సంవత్సరంలో మే 24న, పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకోస్తు పండుగతో అది ముగుస్తుంది. అందులో మొదటి ఎనిమిది రోజులకు, అంటే సోమవారానికీ మంగళవారానికీ కూడా, మహోత్సవపు హోదా, అంటే పండుగల్లో అన్నిటికంటే పై హోదా, ఉంది. విచారణల్లో పొలం, బడి, ఆఫీసు మనల్ని లాగేస్తాయి కాబట్టి ఆ హోదా పూజాక్రమ పుస్తకంలోనే ఉండిపోతుంది. మఠంలో రోజుకు పలుమార్లు గంట మోగినప్పుడల్లా అందరూ గుడిలో చేరతారు కాబట్టి, క్యాలెండరులో ఏది మారినా అది వారి గొంతులోకీ, భోజనంలోకీ, నిద్రలోకీ వచ్చి తీరుతుంది.

రైడ్ మఠంవారు బెనెడిక్టు సభకు చెందినవారు, 1882లో ఏర్పడిన సంఘం. వారు పాటించేది ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్టు రాసిన నియమావళి. దానిని చదివితే ఈస్టర్ ఏడాదికంతటికీ ఇరుసులాంటిదని తెలుస్తుంది. ఎనిమిదవ అధ్యాయంలో చలికాలపు జాగరణ (రాత్రి ప్రార్థన) వేళలు నవంబరు 1 నుండి ఈస్టర్ వరకు అని ఉంటుంది. ఈస్టర్ నుండి రాత్రులు పొట్టివవుతాయి కాబట్టి పఠనాలు తగ్గించమని పదవ అధ్యాయం చెబుతుంది. నలభై ఒకటవ అధ్యాయం ప్రకారం ఈస్టర్ నుండి పెంతెకోస్తు వరకు మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మళ్లీ ఆహారం ఉంటాయి, ఉపవాసం ఉండదు. నలభై ఎనిమిదవ అధ్యాయంలో నాకెంతో ఇష్టమైన మాట ఒకటి ఉంది. ఈస్టర్ మొదలుకొని, మధ్యాహ్న భోజనం తరువాత అందరూ మంచాలమీద మౌనంగా నడుం వాల్చాలట. చదువుకోవాలనుకునేవారు పక్కవారికి ఇబ్బంది కలగకుండా చదువుకోవచ్చట. పునరుత్థాన సంతోషంలో కునుకుకు కూడా చోటిచ్చిన ఆ పెద్దమనసును చూస్తే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

తపస్సు కాలమంతా నోటికి రాని ‘అల్లెలూయ’ జాగరణ రాత్రి తిరిగి వస్తుంది. పదిహేనవ అధ్యాయం ప్రకారం పెంతెకోస్తు దాకా కీర్తనల్లోనూ, పఠనాల తరువాతి ప్రతివచనాల్లోనూ దానిని ఎడతెగకుండా పలకాలి. త్రికాల జపం స్థానంలో ‘పరలోక రాజ్ఞీ, ఆనందించు’ అనే మరియమాత గీతం వస్తుంది. మొదటి ఎనిమిది రోజులూ దివ్యపూజ (గుడిలో గురువు అర్పించే బలిపూజ) ముగింపులో గురువు, ప్రజలు రెండేసి అల్లెలూయలు చేర్చి పాడతారు.

లాటిన్ గురించి దిగులు పడకండి. ఆదివారం నుండి శుక్రవారం వరకు ప్రతి దివ్యపూజలోనూ మొదటి పఠనం తరువాత 118వ కీర్తనలోని ‘ఇది ప్రభువు కలిగించిన దినము’ అనే పాటనే, ‘హేక్ దియెస్’ అనే మాటలతో, అదే రాగంలో ఎత్తుకుంటారు. మధ్యలో వచ్చే చరణం మాత్రం రోజుకొకటి మారుతుంది. బుధవారానికల్లా మీరే లోలోపల కలిసి పాడుతుంటారు. ఒకే రోజును ఎనిమిది రోజుల పొడవుకు సాగదీసి పాడుకోవడమే ఈ వారపు అసలు పద్ధతి, దానిని చెవులతో గ్రహించడానికి పాండిత్యం అక్కరలేదు. సువార్త మాత్రం ముందుగా తెలుగులో చదువుకొని వెళ్లండి: మంగళవారం సమాధి దగ్గర ఏడుస్తున్న మగ్దలేన మరియ, బుధవారం ఎమ్మావు మార్గం, శుక్రవారం తిబెరియ సరస్సు ఒడ్డున కాల్చిన చేపలు.

జవాబు: ఏలూరు చెల్లెలు

ఉపదేశిగారు బెనెడిక్టు సభవారి సంగతి చెప్పారు. మా అక్క కర్మెలు అనే మరో సభ మఠంలో ఉంది కాబట్టి అటువైపు విషయం నాకు తెలిసినంత రాస్తాను. కర్మెలు నియమావళి ప్రకారం సెప్టెంబరు 14న వచ్చే పవిత్ర సిలువ విజయోత్సవం నుండి ఈస్టర్ వరకు, ఆదివారాలు మినహా ప్రతిరోజూ ఉపవాసమే. మనకు నలభై రోజులైతే వారికి ఆరు నెలలకు పైగా. అందుకే అక్కడ ఈస్టర్ ఉదయం వడ్డించే ఫలహారం బరువు వేరు. మాంసం మాత్రం ఆ రోజు కూడా ఉండదు. జబ్బుపడినవారికి తప్ప వారికి ఎన్నడూ మాంసం లేదు. మా అమ్మ బెల్లం పరమాన్నం వండి పెద్ద స్టీలు క్యారియరులో మఠానికి పంపేది. గోడలో ఉండే గుండ్రంగా తిరిగే చెక్క అరలో దానిని పెట్టి గంట కొడితే, అర లోపలికి తిరిగిపోయేది, అవతలి నుండి కృతజ్ఞతలు చెప్పే గొంతు మాత్రం వినిపించేది.

తపస్సు కాలంలో అక్కను చూడడానికి అనుమతి ఉండదు, ఉత్తరాలు కూడా రావు. ఈస్టర్ తరువాత వచ్చే ఉత్తరం మాకు పండుగ. అందులో ఇంటి విషయాల కంటే ముందు, తోటలో ఏ పూలు పూశాయి, వాటిలో ఏవి పాస్కా వత్తి (జాగరణ రాత్రి వెలిగించే పెద్ద కొవ్వొత్తి) చుట్టూ పెట్టారు అన్న వివరమే ఉంటుంది. ఆ వత్తిమీద సిలువ గుర్తునూ, ఆల్ఫా ఓమెగా అనే గ్రీకు మొదటి, చివరి అక్షరాలనూ, సంవత్సరపు నాలుగు అంకెలనూ ఒక ఏడాది అక్కే రంగు మైనంతో దిద్దింది. అయిదు సాంబ్రాణి గింజలను సిలువ ఆకారంలో గుచ్చేది మాత్రం జాగరణ రాత్రి గురువుగారే. పెంతెకోస్తు దాకా ఆ వత్తి పీఠం దగ్గరే నిలబడి ఉంటుంది కాబట్టి, పండుగ అయిపోయిందని ఎవరూ అనుకోవడానికి వీలుండదని అక్క రాసింది.

జవాబు: పాత గుడులు చూసే మనిషి

లండన్ మీదుగా వెళ్తే ఒక పూట బార్కింగ్‌లో దిగండి. 1539లో మూతపడిన ఒక గొప్ప కన్యస్త్రీల మఠపు పునాదులు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి. 1358 నుండి 1376 వరకు ఆ మఠాధిపతిగా ఉన్న సట్టన్ కేథరిన్, ఈస్టర్ వేళ జనంలో భక్తి చల్లబడిపోతోందని బాధపడి, ఆ మాంద్యాన్ని పోగొట్టాలని పునరుత్థాన ఘట్టాన్ని కళ్లకు కట్టించే క్రమాన్ని ఏర్పాటు చేశారు. మఠవాసినులూ, కొందరు గురువులూ మగ్దలేన మరియ ప్రార్థనాలయంలోకి వెళ్లి తలుపులు మూసుకునేవారు. పాతాళంలో మెస్సయ్యకోసం ఎదురుచూసే పితరుల ఆత్మల పాత్ర వారిది. బయటినుండి గురువు ‘ద్వారములారా, తెరుచుకొనుడి’ అన్న కీర్తన పాడుతూ తలుపు తట్టేవాడు. తలుపు తెరుచుకోగానే అందరూ బారులు తీరి బయటకు వచ్చేవారు. ఆ తరువాత ముగ్గురు కన్యస్త్రీలు నల్లని దుస్తులు మార్చుకొని, తెల్లని వస్త్రాలు, తెల్లని ముసుగులు ధరించి ముగ్గురు మరియలుగా సమాధి దగ్గరకు నడిచేవారు. మీకున్న వెలితి ఆరువందల ఏళ్ల కిందటే ఒక మఠాధిపతిని కదిలించిందన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే, నాలుగవ శతాబ్దపు చివరలో యెరూషలేము యాత్ర చేసిన ఎగేరియా అనే స్త్రీ, ఇంటి దగ్గరున్న తన సోదరీమణులకు రాసిన వృత్తాంతంలో, ఈస్టర్ నుండి పెంతెకోస్తు వరకు అక్కడ ఎవరూ ఉపవాసం ఉండరనీ, కఠోర తపస్సు చేసే సన్యాసులు సైతం ఉండరనీ ప్రత్యేకంగా నమోదు చేసింది.

గుంటూరు ఆడపడుచు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అక్కగారి ఉత్తరం సంగతి చదివి మా అమ్మకు ఫోనులో వినిపించాను. ఒక చిన్న సందేహం మిగిలింది. ఆ యాభై రోజులు మోకరించకూడదని ఎక్కడో విన్నాను. నిజమేనా? అక్కడ నేను తప్పు చేయకూడదని అడుగుతున్నాను.

పాత ఉపదేశి

విన్నది పాత నియమమేనమ్మా. 325లో జరిగిన నీసియా మహాసభ ఇరవయ్యవ శాసనం, ఆదివారాల్లోనూ పెంతెకోస్తు ముగిసే వరకూ నిలబడి ప్రార్థించమని చెప్పింది, ఎందుకంటే నిలబడడం లేచినవారి భంగిమ. నేటి దివ్యపూజలో అప్పద్రాక్షారసాల ప్రతిష్ఠ సమయంలో మోకరించడం ఉంది కాబట్టి, అప్పుడు మిగతావారితో పాటు మోకరించండి. ‘పరలోక రాజ్ఞి’ గీతానికి మాత్రం నిలబడాలి. మఠవాసినుల స్థానం మఠం లోపలి హద్దులో ఉంటుంది, బయటివారికి వేరుగా చోటు ఉంటుంది కాబట్టి ఎక్కడ కూర్చోవాలో ముందే ఉత్తరం రాసి అడగండి, బస గురించి కూడా అప్పుడే తెలుసుకోవచ్చు. తపస్సు కాలంలో రాస్తే జవాబు ఆలస్యం కావచ్చు, అందుకే ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందే రాయడం మంచిది; 2026లో అది ఫిబ్రవరి 18.