చదివింపుల పుస్తకాలతో మనిషి మారాడో లేదో తేల్చవచ్చా?

రాజధాని కోసం రైతులు ప్రభుత్వానికి పొలాలిచ్చిన అమరావతి భూసమీకరణ గ్రామాల్లో చేయబోయే ఒక పరిశీలనకు సలహా కావాలి. "డబ్బొచ్చాక మారిపోయాడు" అన్న మాటను నమ్మి లెక్క కట్టలేం. చేబదులు ఇవ్వకపోయినా చాలు, ఆ మాట పడుతుంది. అందుకని పెళ్లిళ్ల చదివింపుల పుస్తకాలు చూడాలని ఆలోచన: సమీకరణ మొదలైన 2015కి ముందు అయిదేళ్లవి, తర్వాత అయిదేళ్లవి.

చిక్కల్లా, చదివింపు సగం కానుక, సగం బాకీ. మనకు 516 రాసినవాళ్లకు 1,116 రాయడం ఉదారత కాదు. అందుకున్నదానికి ఎన్ని రెట్లు తిరిగి రాశారో, ధరల పెరుగుదల తీసేసి చూస్తే సరిపోతుందా? బాకీ లేని పేదిళ్ల పెళ్లిళ్లకు రాసినవే తీస్తే మేలా? పైగా పుస్తకం ఉండేది పుచ్చుకున్నవాళ్ల దగ్గర; ఒక్కరి లెక్కకు పదిళ్లు తిరగాలి.

రెండోది, ఎవరికెంత వచ్చిందన్నది. పొలమిచ్చినందుకు ప్రభుత్వం నుంచి వచ్చిన కౌలు తేలికే: ఎకరాకు ఏటా మెట్టకు 30,000తో, జరీబుకు (నదికి దగ్గరి, నీటి వసతి ఉన్న పొలానికి) 50,000తో మొదలైంది. భూమిలేని కుటుంబాలకు వచ్చింది నెలకు 2,500తో మొదలైన పింఛనే కాబట్టి పోలికకు వాళ్లున్నారు. అసలు సొమ్ము మాత్రం పొలమో, దానికి బదులుగా వచ్చిన ప్లాటో అమ్మినవాళ్లది. ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రంలో) అమ్మిన తేదీ దొరుకుతుంది, కానీ దస్తావేజులో రాసిన ధర చేతికొచ్చిన ధర కాకపోవచ్చు. ఇంటివాళ్లను నేరుగా అడగకుండా దాన్ని అంచనా కట్టే పద్ధతి ఎవరైనా వాడారా?