ఎల్‌సీ3 పెరిగింది, పీ62 కూడా పెరిగింది: ఆటోఫజీ నడుస్తున్నట్టా, ఆగినట్టా?

అందరికీ నమస్తే. మాక్రోఫేజుల్లో (క్రిములను మింగే రోగనిరోధక కణాలు) ఆటోఫజీ, అంటే కణం తనలోని పనికిరాని భాగాలను సంచుల్లో చుట్టి అరిగించుకోవడం, చూస్తున్నాను, ఒకచోట ఇరుక్కుపోయాను. ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పైపొరలోని పదార్థం) ఇచ్చిన కణాలకు వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్ల మోతాదు చూసే పరీక్ష) చేస్తే ఎల్‌సీ3-2 (ఆ సంచుల పొరకు అంటుకునే ఎల్‌సీ3 ప్రోటీన్ రూపం) బ్యాండ్ బాగా ముదిరింది. సంబరపడేలోపే పీ62 (సరుకును ఆ సంచుల్లోకి చేర్చే ప్రోటీన్) కూడా పెరిగి కనిపించింది! ఆటోఫజీ సాగుతుంటే పీ62 కూడా లైసోజోముల్లో (కణంలో సరుకును అరిగించే సంచులు) అరిగిపోవాలి కదా.

ఆటోఫజీ సంచులు (ఆటోఫాగోజోములు) ఎక్కువగా తయారైనా, చివర్లో లైసోజోమ్ దగ్గర దారి మూసుకుపోయినా ఎల్‌సీ3-2 పెరుగుతుంది. పైగా ఎల్‌పీఎస్ పీ62 తయారీనే పెంచుతుంది, కాబట్టి దాన్నీ నమ్మలేను. బాఫిలోమైసిన్ (లైసోజోముల్లో అరగడాన్ని ఆపే మందు) ఇచ్చినవీ, ఇవ్వనివీ పోల్చాలనుకుంటున్నాను. ఎన్ని గంటలు ఉంచితే కణాలు చావకుండా తేడా తెలుస్తుంది?

తర్వాత బ్యాక్టీరియాతో చేయాలి. మింగిన బ్యాక్టీరియా చుట్టూ ఉండే ఒంటిపొర సంచికి కూడా ఎల్‌సీ3 అంటుకుంటుంది. దాన్నీ, రెండు పొరల ఆటోఫాగోజోమ్‌నీ కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌తోనే వేరుచేయొచ్చా? ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మాకు అందుబాటులో లేదు.