అప్‌డేట్: మా ఆయన మీద గంజాయి కేసు పోయింది
సాలూరు దాటాక ఒడిశా బోర్డర్‌లో మా ఊరు, వ్యాన్ తోలే మా ఆయన్ని గంజాయి కేసులో ఇరికించారు ఏం చెయ్యాలి అని అడిగా కదా, కోర్టు ఆయన్ని డిశ్చార్జ్ చేసింది, అంటే ట్రయల్ దాకా వెళ్ళకుండానే కేసులోంచి తీసేసింది. అందరికీ థాంక్స్ అండి.

పనికొచ్చింది జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళమన్న సలహా (ఫోన్ 15100). జైల్లో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఫ్రీ లాయర్‌ని ఇస్తారు. 20 కిలోలు దాటిన కేసు కాబట్టి బెయిల్ కష్టమే అన్నారు మాకిచ్చిన లాయర్ మేడం, కానీ ఛార్జిషీట్ జిరాక్స్ మీద పెన్నుతో ఒకచోట గీత గీసి చూపించారు, ఈయన దగ్గర ఏమీ దొరకలేదు, పట్టుబడ్డవాడు పేరు చెప్పాడని ఏ4 (నాలుగో నిందితుడు) అని రాసేశారు, అంతే! పోలీసులకిచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదంట, 2020లో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పిందంట.

పెట్రోల్ బంకు సీసీ ఫుటేజ్ కోసం కాళ్ళరిగేలా తిరిగా గానీ అవసరమే పడలేదు, డిశ్చార్జ్ టైంలో జడ్జిగారు పోలీసుల కాగితాలే చూస్తారు, మనవి ట్రయల్‌లోనే. సర్పంచ్ సర్టిఫికెట్, ఎమ్మెల్యేకి అర్జీ కూడా దేనికీ పనికిరాలేదు. డబ్బిస్తే పేరు తీయిస్తానని వచ్చే బ్రోకర్లని దగ్గరికి రానివ్వకండి. ఆయన ఫోన్ ఇంకా కోర్టులోనే ఉంది, దానికి వేరే పిటిషన్ వెయ్యాలంట.